ఆసుపత్రి మంచం దగ్గరికే వచ్చి 25 శాతం అడిగిన లాయరును నమ్మవచ్చా?

కోదాడ_రమ్య
మా తమ్ముడికి 27 ఏళ్లు. ఇళ్లలో టైల్స్ పరిచే పని. నాలుగు నెలల క్రితం విజయవాడలో పని ముగించుకొని బైకు మీద ఇంటికి వస్తుంటే నందిగామ దాటాక లారీ వెనుక నుంచి కొట్టింది. కుడి తొడ ఎముక విరిగింది, మోకాలి చిప్ప పగిలింది. రాడ్డు వేశారు. ఆపరేషన్ అయిన మూడో రోజు, వాడికి మత్తు కూడా సరిగ్గా దిగలేదు, తెల్ల చొక్కా వేసుకున్న ఒకాయన వార్డుకు వచ్చాడు. పేరు, ఊరు, లారీ నంబరు అన్నీ ముందే తెలుసు. "ముందు ఒక్క రూపాయి వద్దు, అన్ని ఖర్చులూ మా సారువే, డబ్బు వచ్చాక 25 శాతం ఇవ్వండి" అన్నాడు. మా అమ్మ ఏడుస్తూ ఉంది, నేను మందుల కోసం కిందికి వెళ్లాను. తిరిగి వచ్చేసరికి నాలుగు కాగితాల మీద సంతకాలు అయిపోయాయి. అందులో రెండు ఖాళీ స్టాంపు పేపర్లు. మూడు చెక్కులు కూడా తీసుకున్నాడు.

ఇప్పుడు ఫోను చేస్తే "ప్రాసెస్‌లో ఉంది" అంటాడు. అసలు లాయరును ఇప్పటిదాకా చూడలేదు. వీళ్లను నమ్మవచ్చా? ఇంకొకరి దగ్గరికి వెళ్లే వీలు ఉందా?

పల్నాటి_శ్రీను
25 శాతం మామూలే. మా బాబాయి చనిపోయినప్పుడు 30 తీసుకున్నారు. అయినా నేను తప్పు పట్టను. ఆ లాయరు పట్టించుకోకపోతే మా పిన్నికి ఆ 70 శాతం కూడా వచ్చేది కాదు. కోర్టు ఏ వీధిలో ఉందో కూడా మాకు తెలియదు.

పాత_కోర్టు_గుమస్తా
రమ్య గారూ, శాతం సంగతి తరువాత. ముందు ఒకే ఒక ప్రశ్న అడగండి: పిటిషన్ నంబరు ఎంత?

మోటారు వాహనాల చట్టం సెక్షన్ 166 కింద వేసే పరిహారం పిటిషన్‌ను మన రెండు రాష్ట్రాల కోర్టుల్లో ఎం.వి.ఓ.పి. అంటారు. వేసిన ప్రతి కేసుకూ ఒక నంబరు, సంవత్సరం ఉంటాయి. దానితో పాటు 16 అక్షరాల, అంకెల సి.ఎన్.ఆర్. నంబరు ఉంటుంది. ఈ-కోర్ట్స్ యాప్‌లో ఆ నంబరు కొడితే వాయిదా ఎప్పుడు, ఏ దశలో ఉంది, ఎవరు హాజరయ్యారు అన్నీ కనిపిస్తాయి. నంబరు తెలియకపోతే జిల్లా ఎంచుకొని, మీ తమ్ముడి పేరు, సంవత్సరం ఇచ్చి వెతకవచ్చు. అక్కడ కనపడకపోతే కేసు వేయలేదనే అనుకోండి.

నేను ఇంత తొందరపెట్టడానికి కారణం ఉంది. 1994లో ఈ పిటిషన్లకు కాలపరిమితి తీసేశారు. దాంతో ఏళ్ల తరబడి ఆలస్యమైనా కేసు వేసుకునేవారు. 2019 సవరణ మళ్లీ గడువు తెచ్చింది, అది 2022 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉంది. ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు పిటిషన్ వేయాలి. ఆ గడువును సవాలు చేస్తూ కొందరు సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. ఆ ధైర్యంతో మీరు మాత్రం కూర్చోవద్దు. నాలుగు నెలలు అయిపోయాయి అంటున్నారు.

దారిదీపం
ఖాళీ స్టాంపు పేపర్లు అన్న మాట దగ్గరే నా గుండె ఆగింది. దాని మీద రేపు ప్రామిసరీ నోటు రాసుకోవచ్చు, అమ్మకం ఒప్పందం రాసుకోవచ్చు. చెక్కుల నంబర్లు గుర్తుంటే ఈ రోజే బ్యాంకుకు వెళ్లి చెల్లింపు ఆపమని రాసి ఇవ్వండి. నకలు మీద బ్యాంకు ముద్ర వేయించుకోండి.

అడ్వకేట్_మాధవి
పదహారేళ్లుగా ఈ కేసులే చేస్తున్నాను కాబట్టి రెండు వైపుల మాటా చెబుతాను.

మొదట నియమం. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమాల ప్రకారం కేసు ఫలితాన్ని బట్టి ఫీజు మాట్లాడుకోవడం, వచ్చిన డబ్బులో వాటా తీసుకోవడం నిషేధం. కక్షిదారులను వెతుక్కుంటూ వెళ్లడం, మనుషులను పంపి కేసులు పట్టడం కూడా నిషేధమే. వార్డుకు వచ్చిన ఆ వ్యక్తి ఎంత మర్యాదగా మాట్లాడినా, అతను వచ్చిన క్షణంలోనే రెండు నియమాలు చెదిరిపోయాయి.

2017 డిసెంబరులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు సరిగ్గా మన దగ్గరి నుంచి, తెలంగాణ నుంచి వెళ్లిన కేసులోనే. రోడ్డు ప్రమాదంలో భర్తను పోగొట్టుకున్న మహిళ దగ్గర లాయరు పరిహారంలో వాటా కింద చెక్కు తీసుకున్నాడు. అది చెల్లకపోయేసరికి ఆమె మీదే చెక్కు బౌన్సు కేసు పెట్టాడు. వచ్చిన పరిహారంలో శాతం అడగడం వృత్తిపరమైన దుష్ప్రవర్తన అనీ, అలాంటి ఒప్పందం చట్టం ముందు నిలవదనీ చెప్పి కోర్టు ఆ కేసును కొట్టేసింది. రమ్య గారూ, మీ తమ్ముడి చెక్కులకు ఈ తీర్పు అండ.

ఇక రెండో వైపు. ఈ కేసు మూడు, నాలుగేళ్లు నడుస్తుంది. బీమా సంస్థ డ్రైవరు లైసెన్సు నుంచి బండి పర్మిట్ దాకా ప్రతిదీ ప్రశ్నిస్తుంది. వైకల్యం నిరూపించడానికి డాక్టరును సాక్షిగా పిలిపించాలి, ఆయన వచ్చే రోజు కోసం నాలుగు వాయిదాలు పోతాయి. గెలిచాక హైకోర్టులో అప్పీలు. మంచం మీద ఉన్న మనిషి ముందే యాభై వేలు ఫీజు ఎలా ఇస్తాడు? అందుకే నిజాయితీగా పనిచేసే లాయర్లు కూడా కొందరు శాతం మాటకు దిగుతారు. నేను దిగను. దశలవారీగా ఇంత అని కాగితం మీద రాసుకుంటాను, ప్రతి చెల్లింపుకూ రసీదు ఇస్తాను. అలా చేసేవాళ్లం ఉన్నాం, కానీ మేము ఆసుపత్రులకు రాము కాబట్టి మీకు కనపడం.

పల్నాటి_శ్రీను
@అడ్వకేట్_మాధవి మేడం, మీ మీద గౌరవంతోనే అడుగుతున్నాను. నియమం పుస్తకంలో ఉంది, సరే. డబ్బు లేనివాడికి తలుపు తెరిచింది మాత్రం ఆ శాతం లాయరే కదా? మా పిన్ని దగ్గర అప్పుడు దశలవారీగా ఇవ్వడానికి కూడా ఏమీ లేదు. పుస్తెలు అమ్మి అంత్యక్రియలు చేశాం.

అడ్వకేట్_మాధవి
@పల్నాటి_శ్రీను మీ పిన్ని గారి బాధను నేను తక్కువ చేయడం లేదు. కానీ ఆ తలుపు తెరవాల్సింది జిల్లా న్యాయ సేవాధికార సంస్థ. 1987 చట్టం సెక్షన్ 12 ప్రకారం స్త్రీలకు, పిల్లలకు, ఎస్సీ ఎస్టీలకు, వికలాంగులకు ఉచితంగా లాయరును ఇవ్వాలి. మిగతావారికి ఆదాయ పరిమితి ఉంటుంది. స్త్రీలకు ఆదాయంతో సంబంధమే లేదు. 15100కు ఫోను చేస్తే చాలు. మీ పిన్ని గారికి ఆ 30 శాతం మిగిలేది.

నల్లగొండ_విజయ
నేను ఆ దారిలోనే వెళ్లాను. మా ఆయన 2018లో పోయారు, ఆటో బోల్తా పడింది. సంస్థ ఇచ్చిన లాయరు కుర్రవాడు, అనుభవం తక్కువ. మొదటి ఏడాది అంతా వాయిదాలే. ఏడ్చాను కూడా. కానీ ప్రతి వాయిదాకూ ఆ అబ్బాయి వచ్చాడు, నాకు ఫోను చేసి చెప్పేవాడు. లోక్ అదాలత్‌లో రాజీకి రమ్మని బీమా కంపెనీ వాళ్లు ఆరు లక్షలు అన్నారు. పక్కింటివాళ్లు తీసుకోమన్నారు. ఆ అబ్బాయి "అమ్మా, లోక్ అదాలత్‌లో సంతకం చేస్తే దాని మీద అప్పీలు ఉండదు, ఇంకొంచెం ఆగండి" అన్నాడు. తీర్పులో పదకొండు లక్షలకు పైగా వచ్చింది. పిల్లల వాటా వాళ్లకు మైనారిటీ తీరేదాకా ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో ఉంచమని కోర్టే చెప్పింది. ఆ రోజు కోపం వచ్చింది, ఇప్పుడు పెద్దమ్మాయి ఇంజనీరింగ్ ఫీజు అందులోంచే కడుతున్నాను.

లెక్కల_మాస్టారు
శాతం అంటే ఎంతో తెలియాలంటే మొత్తం ఎంతో తెలియాలి. చాలా కుటుంబాలకు అదే తెలియదు. లాయరు "మూడు లక్షలు వస్తాయి" అంటే దేవుడు పంపాడనుకుంటారు. అందుకే లెక్క వేసి చూపిస్తున్నాను.

2009లో సుప్రీంకోర్టు ఇచ్చిన సరళా వర్మ తీర్పు వయసును బట్టి గుణకం, అంటే ఏడాది ఆదాయాన్ని ఎంతతో గుణించాలో చెప్పే అంకె, ఇచ్చింది. 26 నుంచి 30 ఏళ్లకు 17. 2017 ప్రణయ్ సేథీ తీర్పు ప్రకారం 40 ఏళ్ల లోపు సొంత పని చేసుకునేవారి ఆదాయానికి భవిష్యత్తు పెరుగుదల కింద 40 శాతం కలపాలి. తమ్ముడి సంపాదన నెలకు 18,000 అనుకుందాం. ఏడాదికి 2,16,000. దానికి 40 శాతం కలిపితే 3,02,400. పదిహేడుతో గుణిస్తే 51,40,800. సంపాదించే శక్తిలో 30 శాతం పోయిందని తేలితే 15,42,240. దీని మీద ఆసుపత్రి ఖర్చులు, నొప్పి, సహాయకుడి ఖర్చు, పిటిషన్ వేసిన రోజు నుంచి వడ్డీ వేరు.

ఇందులో 25 శాతం అంటే 3,85,560. నాలుగు సంతకాల ధర అది.

ఇంకో మాట. డాక్టరు సర్టిఫికెట్‌లోని శాతం వేరు, సంపాదన నష్టపు శాతం వేరు. 2010లో సుప్రీంకోర్టు ఇచ్చిన రాజ్‌కుమార్ తీర్పు దీన్ని ఎడమ చేయి ఉదాహరణతో వివరించింది: చేయి పోతే డ్రైవరుకో వడ్రంగికో బతుకుతెరువు దాదాపు పూర్తిగా పోతుంది, ప్రభుత్వ గుమస్తాకు ఉద్యోగం పోకపోవచ్చు. టైల్స్ పరిచేవాడు రోజంతా గొంతుక్కూర్చొని పనిచేస్తాడు. మోకాలు వంగకపోతే కాగితం మీద 20 శాతమే రాసినా అతనికి పోయింది చాలా ఎక్కువ. ఈ వాదన వినిపించని లాయరు అయితే శాతం ఎంత తక్కువ తీసుకున్నా మీకు నష్టమే.

చిత్తూరు_మామిడి
మాస్టారూ, మీరు మా బడిలో ఉండి ఉంటే నాకు లెక్కలు వచ్చేవి.

డల్లాస్_తెలుగువాడు
ఇక్కడ శాతం చట్టబద్ధమే. హైవే పొడవునా లాయర్ల ముఖాలతో ఇంటి గోడంత బోర్డులు. మామూలుగా మూడో వంతు, కోర్టుకు ఎక్కితే 40 శాతం దాకా. కానీ ఒప్పందం రాతలో, సంతకంతో ఉండాలి. ఖర్చులు శాతానికి ముందు తీస్తారా, తరువాతా అన్నది కూడా రాయాలి. వార్డుకు మనిషిని పంపే పని ఇక్కడా నేరమే. టెక్సాస్‌లో ప్రమాదం జరిగిన 30 రోజులలోపు లాయరు బాధితుడికి కేసు అడుగుతూ ఉత్తరం రాయడం కూడా నిషేధం.

నా అనుభవం: సిగ్నల్ దగ్గర ఆగి ఉంటే వెనుక కారు గుద్దింది. 30,000 డాలర్లకు రాజీ కుదిరింది. లాయరుకు 10,000. ఖర్చులు 1,200. ఆయనే పంపిన వైద్యుడికి, ఆసుపత్రికి కలిపి 9,800. నా చేతికి 9,000. ఆ వైద్యుడి దగ్గరికి ఇరవై సార్లు ఎందుకు వెళ్లమన్నాడో బిల్లు చూశాకే అర్థమైంది. అందుకే శాతం చట్టబద్ధం చేస్తే అంతా చక్కబడుతుందని నేను అనను. ఒకటి మాత్రం ఒప్పుకుంటాను, చివర్లో ప్రతి డాలరు ఎటు పోయిందో ఒక కాగితం మీద లెక్క ఇచ్చారు.

పాత_కోర్టు_గుమస్తా
@డల్లాస్_తెలుగువాడు ఆ చివరి కాగితం మన దగ్గర ఉంటే సగం గొడవలు ఉండవు. నా రోజుల్లో చెక్కు లాయరు గారి గుమస్తా చేతికి వచ్చేది. కక్షిదారు కోర్టు వరండాలో చెట్టు కింద కూర్చొని ఎంత ఇస్తే అంత లెక్కపెట్టుకొని వెళ్లేవాడు. తీర్పు కాగితం చూసినవాళ్లు చాలా తక్కువ. పరిహారం నేరుగా బాధితుల బ్యాంకు ఖాతాలోనే వేయాలని 2025లో సుప్రీంకోర్టు చెప్పింది. అందుకే ఇప్పుడు దళారులు ముందుగానే చెక్కులూ పాసుపుస్తకాలూ పట్టుకుపోతున్నారు. రమ్య గారి దగ్గర జరిగింది అదే.

బీమా_ఉద్యోగి_1
మా వైపు మాట కూడా వినండి. లాయర్లనే అనుమానించి కంపెనీ మనిషిని గుడ్డిగా నమ్మకండి. "లాయరు ఎందుకండీ, ఇక్కడ సంతకం చేయండి, వారంలో డబ్బు" అని ఫోను వస్తుంది. కంపెనీ అధికారి 30 రోజుల్లో రాజీ ప్రతిపాదన పెట్టే ఏర్పాటు చట్టంలో ఉంది, మంచిదే. కానీ అది ట్రిబ్యునల్ ముందు, అంటే ఈ పరిహారం కేసులు వినే కోర్టు ముందు, వివరాలతో జరగాలి. ఆసుపత్రి క్యాంటీన్‌లో కాదు.

ఇంకో ప్రమాదం గురించి కూడా చెప్పాలి. గుద్ది పారిపోయిన బండి దొరకకపోతే దళారులు బీమా ఉన్న వేరే బండిని తెచ్చి పెడతారు. కుటుంబం ఆశకు ఒప్పుకుంటుంది. ఉత్తరప్రదేశ్‌లో ఇలాంటి నకిలీ క్లెయిములు ఎంత పెరిగాయంటే 2015లో అలహాబాద్ హైకోర్టు ప్రత్యేక దర్యాప్తు బృందాన్ని వేయించింది. 2021లో 28 మంది లాయర్లను బార్ కౌన్సిల్ సస్పెండ్ చేసింది. ఒక నకిలీ కేసు వల్ల మేము పది అసలు కేసులను అనుమానంగా చూస్తాం. బండి దొరకనప్పుడు కూడా చట్టంలో దారి ఉంది: మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50,000. తక్కువే, కాదనను. కానీ దాని కోసం జైలుకు వెళ్లాల్సిన పని లేదు.

తుని_తమలపాకు
@బీమా_ఉద్యోగి_1 కంపెనీలో పనిచేస్తూ ఇంత మాట చెప్పినందుకు దండం అన్నా.

కోదాడ_రమ్య
నిన్న రాత్రి యాప్‌లో వెతికాను. ఎన్టీఆర్ జిల్లాలో చూశాను, సూర్యాపేట జిల్లాలో చూశాను. తమ్ముడి పేరు మీద ఏమీ లేదు. నాలుగు నెలలూ "ప్రాసెస్" అని చెప్పింది ఈ లేని కేసు గురించే. చేతులు వణుకుతున్నాయి. ఇప్పుడు కొత్త లాయరును పెట్టుకుంటే పాతవాళ్లు గొడవ చేయరా? కాగితాలన్నీ వాళ్ల దగ్గరే ఉన్నాయి. ప్రమాదం ఆంధ్రలో జరిగింది, మేము తెలంగాణలో ఉంటాం, ఎక్కడ వేయాలి?

అడ్వకేట్_మాధవి
కంగారు పడకండి, ఇంకా సమయం ఉంది. మీరు ఉండే చోటనే వేయవచ్చు, సెక్షన్ 166 ఆ వీలు ఇస్తుంది. సూర్యాపేటలో వేయండి, కాలు బాగాలేని మనిషి నందిగామ దాకా తిరగాల్సిన పని లేదు.

కేసే వేయలేదు కాబట్టి పాత లాయరు అభ్యంతరం లేదని రాసి ఇవ్వాల్సిన అవసరం కూడా రాదు. కేసు వేసి ఉన్నా సరే, ఫీజు బాకీ ఉందని చెప్పి కేసు కట్టను పట్టి ఉంచుకునే హక్కు లాయరుకు లేదని 2000లోనే సుప్రీంకోర్టు తేల్చింది. కాగితాలు తిరిగి ఇవ్వమని, ఖాళీ స్టాంపు పేపర్లు, చెక్కులు రద్దు చేస్తున్నామని రిజిస్టర్డ్ పోస్టులో రాయండి. స్పందన లేకపోతే అడ్వొకేట్స్ చట్టం సెక్షన్ 35 కింద రాష్ట్ర బార్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయవచ్చు.

వాళ్ల దగ్గర ఉన్నవి చాలావరకు నకళ్లే అయి ఉంటాయి. ఎఫ్‌ఐఆర్, ఛార్జిషీటు, బండిని తనిఖీ చేసిన మోటారు వెహికల్ ఇన్‌స్పెక్టర్ నివేదిక, గాయాల సర్టిఫికెట్ మళ్లీ తెచ్చుకోవచ్చు. పోలీసులు 48 గంటల్లో తొలి నివేదిక, 90 రోజుల్లో వివరమైన నివేదిక ట్రిబ్యునల్‌కు పంపాలి. వెళ్లిందా అని స్టేషన్‌లో అడగండి. ఆ నివేదికనే దరఖాస్తుగా తీసుకునే వీలు కూడా చట్టంలో ఉంది.

లెక్కల_మాస్టారు
ఆదాయం రుజువు మరవవద్దు. మేస్త్రీ ఫోనులో పంపిన డబ్బు వివరాలు, బ్యాంకు పాసుపుస్తకం, తనతో పనిచేసినవాడి సాక్ష్యం. ఏదీ లేకపోతే ట్రిబ్యునల్ ఒక ఊహా ఆదాయం వేస్తుంది, అది మీ లెక్క కన్నా తక్కువే ఉంటుంది.

పల్నాటి_శ్రీను
నేను మొదట రాసిన మాట వెనక్కి తీసుకోను, మా లాయరు కేసు వేశాడు, గెలిపించాడు. కానీ నాలుగు నెలలు కూర్చోబెట్టి కేసే వేయనివాడిని ఏమనాలి? రమ్య గారూ, సూర్యాపేటలో మా బావమరిది ఉన్నాడు. స్టేషన్‌కు తోడు కావాలంటే చెప్పండి.

దారిదీపం
ఆసుపత్రిలో వివరాలు ఎవరు ఇచ్చారో కూడా ఆలోచించండి. లారీ నంబరు మూడో రోజుకే దళారికి తెలిసిందంటే లోపలివాళ్ల సాయం ఉంది. ఫిర్యాదులో ఆ మాట రాయండి.

కోదాడ_రమ్య
మూడు వారాల తరువాత రాస్తున్నాను. చెక్కులు ఆపించాను. రిజిస్టర్డ్ ఉత్తరం వెళ్లిన ఐదో రోజున తెల్ల చొక్కా ఆయన ఇంటికి వచ్చి అరిచాడు. శ్రీను గారి బావమరిది ఆ రోజు ఇంట్లోనే ఉన్నారు, ఆయన రుణం తీర్చుకోలేను. రెండు స్టాంపు పేపర్లూ తిరిగి ఇచ్చారు, అమ్మ పొయ్యిలో వేయబోతే ఆపి, ఫిర్యాదు కోసం దాచాను. ఒక చెక్కు ఇంకా ఇవ్వలేదు.

న్యాయ సేవాధికార సంస్థ ద్వారా లాయరు దొరికారు. పిటిషన్ వేశారు, నంబరు పడింది, యాప్‌లో తమ్ముడి పేరు కనిపించింది. వచ్చే నెల లారీ యజమానికి, బీమా సంస్థకు నోటీసుల వాయిదా. తమ్ముడు కర్ర పట్టుకొని వాకిలి దాకా నడుస్తున్నాడు. కింద కూర్చోవడం మాత్రం కుదరడం లేదు. వైకల్యం ఎంతో తేల్చే మెడికల్ బోర్డు పరీక్షకు వెళ్లినప్పుడు టైల్స్ పని ఎలా చేస్తారో ఫోటో తీసి తీసుకెళ్లమన్నారు లాయరు. మాస్టారూ, ఆ మాట వినగానే మీరే గుర్తొచ్చారు.

లెక్కల_మాస్టారు
మంచి లాయరు దొరికారు. ఆ ఫోటోలో మోకాళ్లు స్పష్టంగా కనిపించాలి.

గుంతకల్లు_కొత్తసభ్యుడు
మొత్తం ఇప్పుడే చదివాను. మా నాన్న ట్రాక్టరు ప్రమాదంలో పోయి ఐదు నెలల పది రోజులు. మా దగ్గర కూడా ఒకాయన సంతకాలు తీసుకున్నాడు. ముందు ఏ కాగితం తెచ్చుకోవాలి?

పాత_కోర్టు_గుమస్తా
ఎఫ్‌ఐఆర్ నకలు. రేపు ఉదయమే స్టేషన్‌కు వెళ్లండి. తరువాత పంచనామా, శవపరీక్ష నివేదిక. ఏ జిల్లానో, నాన్నగారి వయసెంతో ఇక్కడ రాయండి. నేను రాత్రి పదకొండు దాకా మేలుకొనే ఉంటాను.